ఉమ్మడి ఆదిలాబాద్‌లో అంగన్‌వాడీ చదువు కోసం నెట్‌వర్క్: ఎక్కడ మొదలుపెట్టాలి?

కడెంకాలువ (ప్రశ్న):

ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు గురించి పట్టించుకునేవాళ్లను ఒక తాటి మీదికి తేవాలని ఆలోచన. మనుషులకు కొదవ లేదు. రిటైరైన అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సమాఖ్య లీడర్లు, ఒకటో తరగతి చెప్పే సార్లు, మేడమ్‌లు, రెండు మూడు స్వచ్ఛంద సంస్థల వాళ్లు, కొందరు తల్లులు ఉన్నారు. ఇప్పటికైతే ఉన్నది ఒక వాట్సాప్ గ్రూపు. అందులో పండుగ శుభాకాంక్షలు ఎక్కువ, పని తక్కువ.

తెలిసినవాళ్లు చెప్పండి. ఎంతమందితో మొదలుపెట్టాలి, ఎవరెవరు ఉండాలి? సొసైటీగా రిజిస్టర్ చేయాలా? మొదటి ఏడాది ఏ డిమాండు పట్టుకోవాలి? ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం) అధికారులతో తగాదా పెట్టుకోకుండా, అట్లని వాళ్ల కార్యక్రమాలకు జనాన్ని తోలే పనికి దిగకుండా ఎట్లా నడపాలి? 2025 డిసెంబర్ ఎన్నికలతో ఊళ్లలో కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు కాబట్టి ఇదే అదను అనిపిస్తోంది.

సెక్టార్‌మీటింగ్:

డిమాండు సంగతి ముందు తేల్చుకోండి. ఎంతమంది కావాలి, ఎవరు కావాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

అంగన్‌వాడీలో పిల్లలకు అందాల్సిన భోజనానికీ చదువుకూ చట్టంలో ఉన్న బలం ఒకటి కాదు. భోజనం 2013 ఆహార భద్రతా చట్టం కింద హక్కు. చదువు విషయానికొస్తే, 2002 నాటి 86వ సవరణ తర్వాత రాజ్యాంగం 45వ అధికరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం ప్రయత్నించాలి అని మాత్రమే అంటుంది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని ఊరుకుంటుంది. గుడ్డు రాకపోతే నిలదీయడానికి చట్టం ఉంది, కథ చెప్పకపోతే లేదు. అందుకే రివ్యూ మీటింగుల్లో బరువు, ఎత్తు, సరుకుల పంపిణీ, యాప్‌లో ఎంట్రీలు అడుగుతారు. పిల్లలు ఎంతసేపు ఆడారు, ఏం మాట్లాడారు అని అడిగేవాళ్లు అరుదు. మీ నెట్‌వర్క్ నిలబడాల్సింది ఈ ఖాళీలో. భోజనం, చదువు రెండూ ఎత్తుకుంటే భోజనమే మొత్తం టైం మింగేస్తుంది. గుడ్డు సమస్య రోజూ వస్తుంది, చదువు సమస్య పైకి కనబడదు.

కాబట్టి మొదటి ఏడాది ఒకటే మాట: రోజుకు రెండు గంటలు ఆటపాటల చదువు జరగాలి, ఆ రెండు గంటల్లో టీచర్‌కు వేరే పని చెప్పకూడదు. ఇది మీరు కొత్తగా కోరేది కూడా కాదు. 2023 మేలో కేంద్రం మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’లో రోజుకు కనీసం రెండు గంటలన్న మాట ఉంది. 2024లో వచ్చిన ‘ఆధార్‌శిలా’ పాఠ్యక్రమం 48 వారాలకు ప్లాన్ ఇచ్చింది: మొదటి 4 వారాలు పిల్లలు అలవాటు పడటానికి, తర్వాత 36 వారాలు అసలు ఆటలూ మాటలూ, చివరి 8 వారాలు నేర్చుకున్నవి మళ్లీ చేయించడానికి. మీ దగ్గర వాడేది రాష్ట్ర పుస్తకమే కావచ్చు. అధికారి ముందు మాత్రం ‘మీ కాగితంలో ఉన్నదే అడుగుతున్నాం’ అనగలగాలి.

తర్వాత, ఏ కుర్చీ చేతిలో ఏముందో ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువ నెట్‌వర్కులు దెబ్బతినేది ఇక్కడే. నీళ్లు, మరుగుదొడ్డి, ప్రహరీ లాంటివి పంచాయతీవి. టీచర్ రోజువారీ పని, రిజిస్టర్ల భారం సూపర్‌వైజర్ చేతిలో ఉంటాయి. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఇరవై, పాతిక కేంద్రాలుంటాయి, దాన్నే సెక్టార్ అంటారు. కొన్ని సెక్టార్లు కలిస్తే ఒక ప్రాజెక్టు, దాని మీటింగ్ ఎజెండా సీడీపీఓది (ఆ ప్రాజెక్టు అధికారి). ఖాళీ పోస్టులు, అద్దె భవనాలు జిల్లా సంక్షేమాధికారి, కలెక్టర్ దాకా పోవాలి. పుస్తకం, పనివేళలు రాష్ట్ర స్థాయివి. టైంటేబుల్ గురించి సర్పంచ్‌కు, మరుగుదొడ్డి గురించి కమిషనర్‌కు అర్జీ పెడితే రెండూ ఒకే చోటికి, బీరువాలోకి పోతాయి.

కొత్త వార్డు సభ్యుల గురించి మీరన్నది నిజమే. 2011లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి అంగన్‌వాడీకి పర్యవేక్షణ, సహాయ కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వార్డు సభ్యురాలిది, వీలైనంత వరకు మహిళ. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన నడిచినన్నాళ్లూ ఊళ్లో వార్డు సభ్యులే లేరు. ఇప్పుడు ఎన్నికైనవాళ్లలో చాలామందికి ఆ కుర్చీ తమదని తెలియదు. మీ నెట్‌వర్క్ చేతులమీదుగా జరగాల్సిన మొదటి పని అదే కావచ్చు: వార్డు సభ్యురాలికి ఒక పేజీ కాగితం, ఒక అరగంట మాట. మీటింగ్‌కు ఎవరెవరిని పిలవాలి, తీర్మానం ఎట్లా రాయాలి, నకలు ఎవరికి పంపాలి. అంతకుమించి వద్దు.

లెక్కలపద్దు:

నిర్మాణం, డబ్బు సంగతి నేను చెప్తాను.

కోర్ టీం పదహారు మంది, జిల్లాకు నలుగురు. ఆ నలుగురిలో ఒక అంగన్‌వాడీ టీచర్ (రిటైరైనా సరే), అంగన్‌వాడీలో పిల్లలున్న ఒక తల్లి, ఒక ప్రైమరీ టీచర్, ఒకరు మహిళా సమాఖ్య నుంచో స్వచ్ఛంద సంస్థ నుంచో. నలుగురూ నాలుగు మండలాల వాళ్లయి ఉండాలి. జిల్లా కేంద్రంలో ఉండేవాళ్లు ఒకరికి మించొద్దు. లేకపోతే అది కలెక్టరేట్ చుట్టూ తిరిగే గుంపవుతుంది. కోర్ కింద మండలానికి ఒక బాధ్యురాలిని పెట్టుకోండి. అన్ని మండలాలకూ ఒకేసారి వద్దు, మొదటి ఏడాది జిల్లాకు మూడు మండలాలు చాలు.

కన్వీనర్ పదవి ఏడాదికి ఒక జిల్లాకు పోవాలి. పోయే కన్వీనర్, వచ్చే కన్వీనర్ మూడు నెలలు కలిసి పనిచేయాలి. అధికారులతో ఉత్తరాలు, అక్నాలెడ్జ్‌మెంట్లు, ఫోన్ నంబర్లు ఒకే మనిషి సంచిలో ఉంటే ఆ మనిషి మానేసిన రోజున నెట్‌వర్క్ కూడా మానేస్తుంది. అన్ని కాగితాలకూ రెండు ఫైళ్లు, రెండు జిల్లాల్లో.

ప్రభుత్వ టీచర్ల విషయంలో ఒక జాగ్రత్త. వాళ్లకు ప్రవర్తనా నియమావళి ఉంటుంది. శిక్షణ ఇవ్వడానికి, ఒకటో తరగతిలో ఏం ఇబ్బంది వస్తోందో చెప్పడానికి వాళ్లు అవసరం. అర్జీల మీద సంతకాలు, విలేకరులతో మాటలు వాళ్లతో చేయించొద్దు. ఆ పని తల్లులది, సమాఖ్య వాళ్లది.

ఖర్చు చూద్దాం. మూడు నెలలకోసారి ఒకరోజు మీటింగ్. మనిషికి బస్సు చార్జీ సగటున 300 వేసుకుంటే పదహారు మందికి 4,800. టీ, భోజనం మనిషికి 150 చొప్పున 2,400. జిరాక్సులు, చార్టులు 800. హాలుకు అద్దె కట్టొద్దు, మండల సమాఖ్య భవనం అడగండి. మొత్తం 8,000, ఏడాదికి 32,000. తలా నెలకు వంద వేసుకుంటే 19,200 వస్తుంది. మిగిలిన 12,800 కోసం చందా అడగవచ్చు. తల్లుల దగ్గర వంద అడగొద్దు, వాళ్ల వాటా జీతగాళ్లు పంచుకోవాలి. పైగా కూలి మానుకుని వచ్చే తల్లికి ఆ రోజు కూలి ఇవ్వాలి, అది ఈ లెక్కలో లేదు, కలుపుకోండి. ఇది వదిలేసిన చోట రెండో మీటింగ్‌కు తల్లులు రారు, మిగిలేది జీతాలున్నవాళ్ల సంఘమే.

రిజిస్ట్రేషన్ తొందర వద్దు. మన 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు, చేయించుకోవడం కష్టం కాదు. కష్టం ఆ తర్వాత. ఏటా సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రార్‌కు సభ్యుల జాబితా, ఆడిట్. ఇంకా పని మొదలు కాకముందే అధ్యక్షుడెవరు, కోశాధికారి ఎవరు అనే గొడవ మొదలవుతుంది. మొదటి ఏడాది ఒక సభ్య సంస్థ లెక్కలు చూసిపెడితే సరిపోతుంది. ఆ సంస్థకు విదేశీ నిధులుంటే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. అంటే జిల్లాకు ఇంత అని పంచిపెట్టడం కుదరదు. భోజనం బిల్లు, ప్రింటింగ్ బిల్లు ఆ సంస్థే నేరుగా కట్టాలి. ఇది తెలియక నాలుగు జిల్లాల బడ్జెట్ రాసుకుని, చివరికి ఒక్క రూపాయీ కదలక ఆగిపోయే నెట్‌వర్కులున్నాయి.

గుస్సాడీ:

పైవాళ్లు చెప్పినవి మైదాన ప్రాంతానికి బాగా సరిపోతాయి. ఉట్నూరు, జైనూర్, తిర్యాణి వైపు ఇంకో లెక్క ఉంది.

అక్కడ మూడేళ్ల పిల్లకు తెలుగు ఇంటి భాష కాదు. గోండి, కొలామి, లంబాడీ. మహారాష్ట్ర సరిహద్దు మండలాల్లో మరాఠీ, భైంసా వైపు ఉర్దూ. ‘రెండు గంటల చదువు’ అని అడిగి తెచ్చుకున్నాక ఆ రెండు గంటలూ పిల్లకు అర్థంకాని తెలుగు రైములైతే, పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటుంది. కాబట్టి డిమాండులోనే ‘ఇంటి భాషలో’ అన్న మాట చేర్చండి. 2020 జాతీయ విద్యా విధానమూ, 2022 పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రమూ రెండూ ఈ వయసుకు ఇంటి భాషే చెబుతున్నాయి.

చేతిలో ఉన్న మార్గం ఆయా, అంటే వంట చూసే అంగన్‌వాడీ సహాయకురాలు. టీచర్ బయటి ఊరి మనిషైనా ఆయా గూడెం మనిషే అయి ఉండటం ఎక్కువ. కథ టీచర్ తెలుగులో, వెంటనే ఆయా గోండిలో. పాట అయితే ముందు గోండిదే. ఇందుకు నెట్‌వర్క్ చేయగల పని: ఒక్కో భాషలో ఇరవై పాటలు, పది కథలు ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కోటి మూడు నిమిషాలకు మించకుండా కేంద్రాలకు ఇవ్వడం. పాడినవాళ్ల అనుమతి తీసుకోండి. ఒకే ఊరి గోండి అన్ని మండలాల్లో సరిపోదు, రెండు ప్రాంతాల పెద్దవాళ్లకు వినిపించి మాటలు చూసుకోండి. ఆయాకు ఇది అదనపు పని అని మర్చిపోవద్దు. వంట టైంలో కథ చెప్పమంటే రెండూ మాడతాయి. కథ పొయ్యి వెలిగించకముందే అయిపోవాలి.

ఇక కేంద్రమే లేని గూడేలు. సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం వాళ్లు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లోపు అంగన్‌వాడీ ఇవ్వాలి. దరఖాస్తుకు కావాల్సినవి: ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు ఉన్న జాబితా. దగ్గరి కేంద్రం ఎంత దూరమో, మధ్యలో వాగు ఉందా, వానాకాలం దాటగలరా. గ్రామసభ తీర్మానం. 2018 పంచాయతీరాజ్ చట్టంలో రెండు నెలలకోసారి గ్రామసభ ఉంది కాబట్టి తేదీ కోసం ఏడాది ఆగనక్కర్లేదు. ఏజెన్సీలో పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం కింద ఆవాసం గ్రామసభ మాటకు ఇంకా బరువుంటుంది. సీడీపీఓకు ఇచ్చి ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తేదీ నుంచే మూడు నెలలు. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే.

జాబితాలో ఎక్కువగా వచ్చే తప్పు, పక్క కేంద్రంలో పేరున్న పిల్లల్ని మళ్లీ రాయడం. యాప్‌లో వెతగ్గానే బయటపడుతుంది, మొత్తం జాబితానే కొట్టేస్తారు. వాళ్లను విడిగా ‘పేరుంది, దూరం వల్ల పోవడం లేదు’ అని రాయండి. గూడెం చిన్నదై 40 మంది లేకపోతే గిరిజన ప్రాంతాల్లో 150 నుంచి 300 జనాభాకు ఉన్న మినీ కేంద్రం నిబంధన కింద అడగండి.

జెండాపట్టు:

పైన ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటి. ఈ నెట్‌వర్కులు కేంద్రాలకు వెళ్లి ‘పరిశీలన’ అంటూ కాగితం తీయగానే టీచర్లకు అది ఇంకో ఇన్‌స్పెక్షన్. సూపర్‌వైజర్, సీడీపీఓ, యాప్, ఫోటో, ఇప్పుడు మీరు. రెండోసారి వెళ్లేసరికి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి రైములు చెప్పిస్తారు. మీకు కావాల్సింది అది కాదుగా.

ఇంకోటి. టీచర్ గౌరవ వేతనం తెలంగాణలో 13,650, ఆంధ్రలో 11,500. అందులో కేంద్రం లెక్క 2018 అక్టోబర్ నుంచి 4,500 దగ్గరే ఉంది. ఆంధ్రలో 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పులోనే వీళ్లు విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ పని చేస్తున్నారని కూడా ఉంది. అంటే చదువు చెప్పేవాళ్లని కోర్టు ఒప్పుకుంది. నాణ్యత గురించి మాట్లాడి, జీతం వచ్చేసరికి ‘అది మా విషయం కాదు’ అనే నెట్‌వర్క్‌ను ఏ టీచరూ నమ్మదు. మీరు సమ్మెలో కూర్చోనక్కర్లేదు. మొదటి మీటింగ్‌కు యూనియన్లను పిలవండి, అన్నింటినీ, ఒక్కదాన్నే కాదు. కాగితంలో ఒక వాక్యం పెట్టండి: రెండు గంటలు చదువు చెప్పాలంటే వేరే పనులు తగ్గాలి, ఉన్న ఖాళీలు నింపాలి.

సెక్టార్‌మీటింగ్:

జెండాపట్టు గారి అభ్యంతరం సరైనదే. పరిశీలన మానేయమని మాత్రం అనను. చేతిలో లెక్క లేకుండా సీడీపీఓ దగ్గరికి పోతే ‘మా దగ్గర బాగానే జరుగుతోంది’ అన్న జవాబుతో తిరిగి వస్తారు.

లెక్కించాల్సింది టీచర్‌ను కాదు, టైంను. కాగితం మీద నాలుగే గళ్లు: పిల్లలు స్వేచ్ఛగా ఆడిన నిమిషాలు, టీచర్ పిల్లలతో మాట, కథ, పాటలో గడిపిన నిమిషాలు, రిజిస్టర్లు, యాప్, ఫోన్‌కు పోయిన నిమిషాలు, ఆ రోజు వచ్చిన పిల్లలు. కేంద్రం పేరు, టీచర్ పేరు రాయొద్దు, సెక్టార్ పేరు చాలు. ఆ కాగితం వెళ్లేముందు టీచర్‌కు చూపించి ఆమె సంతకం కాదు, ఆమె మాట ఒకటి కింద రాయండి: ఈ రోజు ఏది అడ్డొచ్చింది? సాధారణంగా అన్నిటికంటే పనికొచ్చే గడి అదే అవుతుంది.

సెక్టార్‌కు ఐదు కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి మూడు సార్లు, వేర్వేరు వారాల్లో, పొద్దున తెరిచినప్పటి నుంచి భోజనం దాకా. బుధ, శనివారాలు టీకాల రోజులు, సరుకులు పంచే రోజు కూడా వేరేగా ఉంటుంది. మూడుసార్లూ ఆ రోజుల్లోనే పోతే చదువు సున్నా అని తేలుతుంది, ఒక్కసారీ పోకపోతే అంతా బాగున్నట్టు తేలుతుంది. మూడింటిలో ఒకటి అట్లాంటి రోజు పెట్టుకోండి. ముందుగా సీడీపీఓ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, నోటి మాట మీద పోవద్దు. ఆమె బదిలీ అయితే కొత్తావిడకు ఏం తెలియదు.

పిల్లల ఫోటోలు తీయొద్దు. గ్రూపులో ఎవరు పెట్టినా తీసేయించండి. ఖాళీ గది, బొమ్మల అర, గోడ మీద చార్టు ఫోటోలు చాలు.

కడెంకాలువ:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ థ్యాంక్స్. రెండు సందేహాలు. అధికారుల దగ్గరున్న లెక్కలు మన లెక్కతో పాటు పెట్టుకోవాలంటే సమాచార హక్కు తప్ప దారి లేదా? మన లాంటి నెట్‌వర్కులు దేశంలో ఇంకెక్కడైనా ఉంటే వాళ్లతో కలవాలా?

లెక్కలపద్దు:

ముందు మామూలు ఉత్తరంతో అడగండి, పదిహేను రోజులు చూడండి. ఇవ్వకపోతే అప్పుడు ఆర్టీఐ. మన నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. సీడీపీఓ ప్రాజెక్టు కింద ఒకటికి మించి మండలాలుండొచ్చు కాబట్టి 10 పెట్టేస్తే ఫీజు తక్కువైందని తిప్పి పంపే వీలుండదు. అడగాల్సినవి మూడే: సెక్టార్ల వారీగా మంజూరైన టీచర్, ఆయా పోస్టులు, ఖాళీలు. ఆటవస్తువుల కిట్ ఏ కేంద్రానికి ఏ తేదీన చేరింది. గత పన్నెండు నెలల ప్రాజెక్టు మీటింగుల మినిట్స్ నకళ్లు. ‘ఎందుకు’ అని అడగొద్దు, కాగితాలు అడగండి. ‘ఎందుకు’కు వాళ్లు జవాబు చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, దానికి మళ్లీ 30 రోజుల గడువు. ఆర్టీఐ నెట్‌వర్క్ పేరు మీద కాదు, ఒక వ్యక్తి పేరు మీద వేయాలి. ఆ వ్యక్తి అంగన్‌వాడీ టీచర్ కాకుండా చూసుకోండి.

కిట్ వచ్చిన తేదీ దొరికితే దాన్ని మీ నాలుగు గళ్ల కాగితంతో కలిపి చూడండి. కిట్ వచ్చి బీరువాలో తాళం వేసి ఉండటం ఒక సమస్య, అసలు రాకపోవడం ఇంకో సమస్య. మొదటిది సూపర్‌వైజర్‌తో మాట్లాడితే తీరుతుంది. పోతే ఆడిట్‌లో అడుగుతారన్న భయంతోనే తాళం వేస్తారు, కాబట్టి విరిగిన బొమ్మలను రాసి తీసేయడానికి ఒక పద్ధతి అడగండి, తాళం దానంతటదే తీస్తారు.

గుస్సాడీ:

రెండో సందేహానికి. చిన్నపిల్లల సంరక్షణ మీద 1989 నుంచి ‘ఫోర్సెస్’ అనే జాతీయ నెట్‌వర్క్ ఉంది, తమిళనాడు శాఖ గట్టిగా పనిచేసింది. ‘మొబైల్ క్రెషెస్’ 1969లో ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొదలైన సంస్థ, విధానాల మీద కూడా మాట్లాడుతుంది. వాళ్ల కాగితాలు చదవండి, పని పద్ధతి తీసుకోండి. సభ్యత్వం మాత్రం ఏడాది ఆగి. ముందే చేరితే ఢిల్లీ వారోత్సవాలకు, రాష్ట్ర సదస్సులకు మనుషుల్ని పంపడమే పనవుతుంది, సెక్టార్లో ఐదు కేంద్రాలు అట్లాగే ఉండిపోతాయి.

మొదటి మీటింగ్ ఉట్నూరులో పెట్టుకుంటే ఆసిఫాబాద్ వైపు వాళ్లకు సులువు, మంచిర్యాల వాళ్లకు దూరం. చివరి బస్సు టైం చూసుకుని మూడు గంటలకల్లా ముగించండి. తల్లులు చీకటి పడకముందు ఇల్లు చేరాలి.